జ్వరంతో పోయిన సిపాయి: మా పెద్దతాత జాడ ఎలా దొరికింది

మా తాతకి ఒక అన్న ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మిలట్రీకి వెళ్ళి తిరిగి రాలేదు. మా ఇంట్లో అందరికీ తెలిసింది అంతే. ఎలా పోయాడని అడిగితే "యుద్ధంలో పోలేదు, జొరం వచ్చి పోనాడట" అనేవారు. ఆ మాట అయ్యాక ఇంక ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేనట్టు మాటలు వేరే దారి పట్టేవి. తుపాకీ గుండు తగిలి పోయుంటే ఊళ్ళో రావిచెట్టు కింద ఆయన కథ చెప్పుకునేవారేమో. జ్వరంతో పోయాడు కాబట్టి కథ లేదు. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది. చివరికి ఆయన వివరాలు వెతకాలని కూర్చున్నాను.

మా ఊరు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెట్టాక, బరంపురం చేరేలోపు, పెద్ద రోడ్డుకి లోపలగా ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా మేమూ ఇచ్ఛాపురం వాళ్ళూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఒకే గంజాం జిల్లా. ఆ రోజు గీసిన గీతతో వాళ్ళు విశాఖపట్నం జిల్లాలోకి, 1950 తర్వాత శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్ళారు. మేం ఇటు ఉండిపోయాం. పాత కాగితాలు వెతికే వాళ్ళకి ఈ సంగతి గుర్తుండటం చాలా అవసరం. మా పెద్దతాత పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో, మిలట్రీకి బయల్దేరింది ఒడిశాలోంచి. రెండూ మా ఊళ్ళోనే, అదే వీధిలో.

ఆయన పేరు అప్పన్న. సింహాచలం అప్పన్న పేరు మా వైపు ఇంటికొకరికి ఉంటుంది. అదే తర్వాత పెద్ద చిక్కయింది.

వెతకడం మొదలుపెట్టింది మా అత్త దగ్గర. అత్తంటే పెద్దతాత కూతురు, మా నాన్నకి అక్క వరస. తండ్రి పోయేసరికి ఆమె చంకబిడ్డ. తల్లి కూడా తొందరగానే పోయింది. మా తాతే పెంచి పెళ్ళి చేశాడు. ఇప్పుడు ఎనభై దాటింది, బరంపురంలో కొడుకు దగ్గర ఉంటుంది. తండ్రి మొహం ఆమెకి తెలియదు. ఫోటో లేదు. నేను వెళ్ళి "అత్తా, మీ నాన్న గురించి నీకు ఎవరేం చెప్పారో అంతా చెప్పు" అంటే కాసేపు నన్నే చూసి, "ఇన్నాళ్ళకి నువ్వొక్కడివే అడిగినావురా" అంది.

ఆమె చెప్పినదాంట్లో ఎక్కువ భాగం రంగం గురించి. రంగూన్‌ని మా వాళ్ళు రంగం అంటారు. ఆ రోజుల్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూలికి రంగం వెళ్ళడం మామూలు. గోపాలపూర్‌లో ఓడెక్కితే రంగంలో దిగేవారు. ఓడరేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, ఏదో ఒకటి దొరికేది. పెద్దతాత కూడా అలాగే వెళ్ళాడు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో ఊరే వాళ్ళ చేతికి పోయింది. లక్షల మంది మనవాళ్ళు అడవులూ కొండలూ పడి నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో విరేచనాలతో, జ్వరాలతో పోయినవాళ్ళకి లెక్క లేదు. పెద్దతాత ఆ నడకలో బతికి వచ్చాడు. ఇల్లు చేరేసరికి కాళ్ళు పుళ్ళు పడి, గడప ఎక్కలేక అరుగు మీదే పడిపోయాడట. అది చూసినవాళ్ళు అత్తకి చెప్పారు, అత్త నాకు చెప్పింది.

ఇల్లు చేరాడు సరే, తినేదెలా? భూమి లేదు. రంగం దారి మూసుకుపోయింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. తీరం పొడుగునా జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకి పరుగులు. పనులు ఎక్కడివి? అప్పుడే మిలట్రీలో మనుషుల్ని తీసుకుంటున్నారని బరంపురం వెళ్ళి పేరిచ్చుకున్నాడు. దేశం కోసమా, రాజు కోసమా అని అడిగితే నేనేమీ చెప్పలేను. నెలనెలా మనియార్డరు వచ్చేదని మాత్రం అత్తకి వాళ్ళమ్మ చెప్పింది. ఆ లెక్కన ఇంటి కోసమే.

అసలైన ఆధారం అత్త ట్రంకుపెట్టెలో దొరికింది. పాత పట్టుచీర మడతల్లో గుడ్డలో చుట్టిన ఒక పతకం. దాన్ని ఎప్పుడో కష్టకాలంలో అమ్ముదామని తీసుకెళ్తే కంసాలి గీటురాయి మీద గీసి చూసి, వెండి కాదమ్మా, నికెలు కలిపిన లోహం అని తిరిగి ఇచ్చేశాడట. వెండి అయ్యుంటే ఈ రోజు నా చేతికి ఏమీ దొరికేది కాదు. ఒకవైపు రాజు తల. రెండో వైపు రెండు తలల డ్రాగన్ మీద కాళ్ళూని నిలబడ్డ సింహం. అది 1939–45 వార్ మెడల్ అని తర్వాత పోల్చుకున్నాను. అప్పట్లో సైన్యంలో 28 రోజులు పూర్తిచేసిన ప్రతివాళ్ళకీ ఇచ్చిన సాదా పతకం.

దాని అంచు చూడమని ఇలాంటివి ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. ఇంగ్లండు సైనికులకి ఇచ్చినవాటి మీద పేరు ఉండదు. మన సైనికులకి ఇక్కడ తయారై వచ్చినవాటికి అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు, దళం అచ్చు గుద్ది ఉంటాయి. మా దాని అంచు చింతపండుతో తోమీ తోమీ అరిగిపోయింది. మామూలుగా చూస్తే నున్నగా ఉంది. రాత్రి దీపాలు ఆర్పి, ఫోన్ టార్చి పక్కవాటుగా పట్టి మెల్లగా తిప్పుతుంటే ఒక్కో అక్షరం నీడ వేసింది. ముందు అంకెలు, తర్వాత పేరు ముక్క, చివర మూడు పొడి అక్షరాలు. అవి ఇండియన్ పయనీర్ కోర్ అని తెలియడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

పయనీర్లంటే రోడ్లు వేసేవాళ్ళు, విమానాలు దిగే మైదానాలు చదును చేసేవాళ్ళు, రైలు వ్యాగన్ల నుంచి సరుకు దించేవాళ్ళు. చేతిలో తుపాకీ కంటే పారా గునపమే ఎక్కువ. బర్మా సరిహద్దులో యుద్ధం చాలావరకు రోడ్డు మీద ఆధారపడి నడిచింది. దీమాపూర్ రైల్వే స్టేషన్‌ని అప్పుడు మణిపూర్ రోడ్ అనేవారు. అక్కడ దించిన ప్రతి గింజా, ప్రతి గుండూ కొండల్లోంచి 46 మైళ్ళు ఎక్కి కోహిమా, అది దాటి ఇంఫాల్ చేరాలి. వానకి కొండచరియ జారితే దాన్ని తవ్వి తీసేది ఈ పయనీర్లే. 1944 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు కోహిమా దగ్గర ఆ రోడ్డు తెగ్గొట్టారు. జూన్ 22న 109వ మైలురాయి దగ్గర రెండు వైపుల నుంచీ వచ్చిన దళాలు కలిస్తేగానీ అది తెరుచుకోలేదు. ఆ యుద్ధాల గురించి రాసినవి ఎన్నో చదివాను. రోడ్డు బాగుచేసినవాళ్ళ గురించి ఒకటి రెండు వాక్యాలు దొరికితే గొప్ప.

నంబరు చేతికొచ్చాక కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికాను. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్‌వెల్త్ సైనికుల పేర్లన్నీ అక్కడ ఉచితంగా చూడొచ్చు. ముందు పేరుతో ప్రయత్నించాను. అప్పన్నలు కోకొల్లలు. ఆ పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ గుమాస్తాలు రాసి పెట్టారు. మన ఇంటిపేరు పద్ధతి వాళ్ళ గడుల్లో ఇమడదు. ఒకరికి ఇంటిపేరు వదిలేశారు, ఇంకొకరికి తండ్రి పేరునే ఇంటిపేరు చేశారు. అందుకే మనవాళ్ళ కోసం వెతికేటప్పుడు పేరు నమ్ముకోకూడదు, నంబరు ఉంటే దానితోనే వెతకాలి. నంబరు లేకపోతే దళం, సంవత్సరం పెట్టి, అదనపు సమాచారం అనే చోట జిల్లా పేరు చూసుకుంటూ పోవాలి. ఆ జిల్లా పేర్లు పాతవి. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, పర్లాకిమిడిని అప్పటి స్పెల్లింగుతోనూ రాసి ఉంటారు.

నంబరు కొట్టగానే ఒకే ఒక్క పేరు వచ్చింది. పయనీర్, ఇండియన్ పయనీర్ కోర్. చనిపోయిన తేదీ, 1944 ఆగస్టు. ఫలానా వారి కుమారుడు, అని మా ముత్తాత పేరు. ఫలానా ఆమె భర్త, అని మా పెద్దమామ్మ పేరు. ఊరి పేరు వంకరటింకరగా ఉన్నా అది మా ఊరే. పక్కన గంజాం.

ఆ పేజీ అత్తకి చదివి వినిపించాను. తండ్రి పేరు దగ్గర ఆమె ఏమీ అనలేదు. తల్లి పేరు చదివేసరికి ఆపి, మళ్ళీ చదవమంది. ఓటరు లిస్టుకి కూడా ఎక్కకుండా పోయిన మనిషి ఆవిడ. పేరు అచ్చులో ఉన్న కాగితం ఇదొక్కటే. "మా అమ్మ పేరు ఆళ్ళకెలా తెలిసింది?" అని అత్త అడుగుతూనే ఉంది. చేరేటప్పుడు పెద్దతాత చెప్పి ఉంటాడు, గుమాస్తా రాసుకుని ఉంటాడు, ఇంకెలా తెలుస్తుంది? ఆయన నోటితో చెప్పిన మాటల్లో మా దాకా వచ్చింది అదొక్కటే.

ఆ కమిషన్ పద్ధతిలో ఒక సంగతి నాకు ధైర్యమిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధానికి వాళ్ళు తీసుకున్న కాలం 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా. ఆ మధ్యలో కొలువులో ఉండగా చనిపోయినవాళ్ళెవరైనా లెక్కలోకి వస్తారు. గుండు తగిలిందా, లారీ బోల్తా పడిందా, జ్వరమా అని తేడా చూడరు. అందరి పేరూ ఒకే వరుసలో, ఒకే పద్ధతిలో. మా ఇంట్లో ఇన్నేళ్ళు పెట్టుకున్న తేడా అక్కడ లేదు.

జ్వరమే అన్న మాట నిజమో కాదో ఆ పేజీలో ఉండదు. కారణం రాయరు. దానికోసం పాత దళాల కాగితాలు చూసే ఒక రికార్డు ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పంపాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, అత్త సంతకంతో ఒక ఉత్తరం, పతకం అంచు ఫోటో, కమిషన్ పేజీ ప్రింటు. రాసేది వారసులైతే మంచిది, అందుకే అత్త చేత సంతకం పెట్టించాను. మొదటిసారి జవాబు లేదు. మళ్ళీ రాస్తే వేరే విభాగానికి పంపామన్నారు. ఫోన్ చేస్తే ఒకరు "అంత పాతవి ఇప్పుడెందుకండీ" అన్నారు. ఆ మాటకి చాలా బాధేసింది. ఎందుకో చెప్పాను. అవతలి మనిషి మెత్తబడి, ఉత్తరం ఎవరి పేరు మీద రాయాలో చెప్పాడు. ఆయనకి నా నమస్కారాలు.

వచ్చిన జవాబు ఒకే పేజీ. సైనికుడి షీట్ రోల్, అంటే పూర్తి సేవా పత్రం, కాలపరిమితి తీరాక తీసేశారట. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరులో మాత్రం ఆయన వరస ఉంది. చేరిన చోటు బరంపురం. పోయిన చోటు అస్సాంలో ఒక సైనిక ఆసుపత్రి. కారణం మెదడుకెక్కిన మలేరియా.

మలేరియా అనగానే అత్త "మన్నెం జొరమా?" అంది. కొరాపుట్, రాయగడ కొండల దిక్కున ఉన్న మాకు ఆ జబ్బు కొత్త కాదు. మన్యం వెళ్ళొచ్చినవాళ్ళకి వణుకుతో జ్వరం వస్తే ఇంట్లో అందరికీ టెన్షనే. పెద్దవాళ్ళు ముందు అడిగేది మాట తడబడుతోందా అని. తడబడితే ఆశ వదులుకున్నట్టే, అప్పట్లో.

బర్మా సరిహద్దులో ఆ జ్వరం ఏం చేసిందో చదివాక మా ఇంటి మాట ఎంత తప్పో తెలిసింది. 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ స్వయంగా చెప్పిన లెక్క ఇది: 1943లో గాయంతో ఒక్క మనిషిని వెనక్కి పంపితే, జబ్బుతో 120 మందిని పంపాల్సి వచ్చింది. ఆ ఏడాది మలేరియా నూటికి 84 మందికి వచ్చినంత లెక్క. దాని తోడు విరేచనాలు, పొదల్లో ఉండే పురుగు కుట్టి వచ్చే టైఫస్. క్వినైన్ దొరకదు, ఎందుకంటే ప్రపంచానికి క్వినైన్ ఇచ్చే తోటల్లో చాలా భాగం జావాలో ఉన్నాయి, 1942 మార్చిలో జావా జపాన్ చేతికి పోయింది. బదులుగా మెపాక్రిన్ అనే పసుపుపచ్చ మాత్ర ఇచ్చారు. చేదు. వాడుతూ ఉంటే ఒళ్ళు కూడా పచ్చబడుతుంది. అది మింగితే మగతనం పోతుందని పుకారు పుట్టి సిపాయిలు ఉమ్మేసేవారు. అందుకని వరసలో నిలబెట్టి, ఎదురుగా మింగించి, మింగారో లేదో పరీక్షించేవారు. దళంలో నూటికి 95 మంది కన్నా తక్కువ మింగినట్టు తేలితే స్లిమ్ ఆ దళపతినే తీసేశాడు. అలా ముగ్గురిని తీసేశాక మిగతావాళ్ళు దారికొచ్చారట. మాత్రని కూడా గుండులాగే యుద్ధ సామగ్రి అనుకున్నారు కాబట్టే ఆ సైన్యం చివరికి నిలబడింది.

మరి అంత కట్టుదిట్టం ఉన్నప్పుడు మా పెద్దతాతకి ఎందుకు వచ్చింది? వానాకాలంలో రోడ్డు పని చేసేవాళ్ళు తెల్లవారుజామునా సాయంత్రమూ నీళ్ళలో, బురదలో ఉంటారు. దోమలు కుట్టే వేళలూ అవే. పైగా ఆయన 1942లో అదే అడవుల్లోంచి నడిచి వచ్చినవాడు. అప్పుడే ఒళ్ళు సగం గుల్లయి ఉంటుంది. ఒకసారి ప్రాణాలతో బయటపడ్డ కొండల వైపే మళ్ళీ పంపితే వెళ్ళాడు. వెళ్ళనని అనలేదు. నాకు ఇందులో యుద్ధంలో పోయినవాడికంటే తక్కువేం కనబడటం లేదు.

ఆయన్ని ఎక్కడ దహనం చేశారో తెలియదు, సమాధి లేదు. అవిభక్త ఇండియా సైనికుల్లో అలాంటివాళ్ళు 25,000 మందికి పైగా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఢిల్లీ/కరాచీ 1939–1945 యుద్ధ స్మారకంలో చేర్చారు. ఒకే పేర్ల జాబితా రెండు చోట్ల ఉంది: ఢిల్లీ కంటోన్మెంట్‌లో బ్రార్ స్క్వేర్ దగ్గరి యుద్ధ శ్మశానంలో, కరాచీ యుద్ధ శ్మశానంలో. దేశం రెండైనా ఆ జాబితాని విడగొట్టలేదు. గంజాం అప్పన్న పేరు పాకిస్తాన్‌లో కూడా భద్రంగా ఉంది. మా బావమరిది కొడుకు ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు వెళ్ళి, పచ్చిక మధ్య వరసగా తెల్లరాళ్ళు, చాలా శుభ్రంగా ఉంచారు మామయ్యా, అని ఫోన్ చేశాడు. నేను ఇంకా వెళ్ళలేదు. అత్తని తీసుకునే వెళ్ళాలి, ఆమె ఆరోగ్యం చూసుకుని.

తేదీ తెలియడం వల్ల జరిగిన పెద్ద మేలు నేను ముందు ఊహించనిది. పోయిన తిథి తెలియక ఇన్నేళ్ళూ ఆయనకి తద్దినం లేదు. మహాలయ అమావాస్యనాడు మిగతా అందరితో కలిపి నువ్వులూ నీళ్ళూ వదలడమే. తేదీ పట్టుకుని బరంపురంలో మా పురోహితుడి దగ్గరికి వెళ్తే ఆయన పాత పంచాంగం లెక్క తీశాడు. తారణ నామ సంవత్సరం, శ్రావణ బహుళ నవమి. కృష్ణాష్టమి మర్నాడు. అత్తకి మగ తోబుట్టువులు లేరు, అందుకని ఆమె కొడుకు పెట్టొచ్చని ఆయన చెప్పాడు. పిండం పెట్టేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్పాలి కదా, మా ముత్తాత తండ్రి పేరు ఎవరికీ గుర్తులేదు. అది ఇచ్ఛాపురం దగ్గర మా పాలివాళ్ళ ఇంట్లో ఒక ముసలాయన చెప్పాడు. గీతకి అవతల ఉండిపోయిన వాళ్ళ దగ్గరే ఆ పేరు మిగిలింది.

పోయిన శ్రావణంలో మొదటి తద్దినం పెట్టారు. అత్త పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు, ఎంత చెప్పినా వినలేదు. గారెలు తనే రుబ్బుతానంది.

ఇంకా రెండు పనులున్నాయి. కమిషన్ పేజీలో ఊరి పేరు సరిచేయించాలి. ఆధారాలు చూపిస్తే వాళ్ళు మారుస్తారు కాబట్టి పాత పట్టా నకలు కోసం తహసీలు ఆఫీసులో అర్జీ పెట్టాను. రెండోది, ఆయన కంపెనీ రోజువారీ డైరీ. బర్మా వైపు పనిచేసిన దళాల యుద్ధ డైరీలు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 అనే వరుసలో ఉన్నాయి. ఆయన కంపెనీ నంబరు లాంగ్ రోల్‌లో ఉంది కాబట్టి కేటలాగులో దాన్ని పట్టుకోవాలి. అందులో ఆయన పేరు ఉండకపోవచ్చు. 1944 వానాకాలంలో ఆ కంపెనీ ఏ మైలురాయి దగ్గర రోడ్డు తవ్వుతోందో ఉంటే చాలు. మీ ఇంట్లో కూడా ఇలా జ్వరంతోనో విరేచనాలతోనో పోయిన సిపాయి ఉంటే, ముందు పెట్టె అడుగున పతకం ఉందేమో చూడండి, అంచు అరిగిపోకుండా తోమకండి.